ధర్నాలతో అవినీతి తగ్గుతుందా? చేతిలో రికార్డు ఉంటే తగ్గుతుంది

"రోడ్డెక్కి అరిస్తే అవినీతి పోతుందా? ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాంగా" అని ఒకరు అడిగారు. నా లెక్కలో రెండే విషయాలు తేలుస్తాయి: జనం చేతిలో ఏ రికార్డు ఉంది, వాళ్లు అడుగుతున్నది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పనేనా. ఎంతమంది వచ్చారన్నది ఆ తర్వాతి మాట.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ, పెట్టింది. అక్కడ పని చేసింది ఉపన్యాసాలు కాదు, పంచాయతీ పనుల మస్టర్ రోళ్లు, అంటే కూలీల హాజరు, కూలి రాసే పట్టీలు. ఫలానా మనిషి ఇన్ని రోజులు పనికొచ్చాడు, ఇంత కూలి తీసుకున్నాడు అని అందరి ముందూ చదువుతారు. ఆ మనిషే జనంలోంచి లేచి "నేనా పనికి పోనేలేదు" అంటాడు. ఇక దానికి ఏ సర్పంచి అయినా ఏం జవాబు చెబుతాడు? అందుకే ఆ తర్వాత రికార్డులు ఇవ్వడానికి అధికారులు మొండికేశారు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. అసలు డిమాండ్ ఒకటే: ఖర్చు కాగితాల నకళ్లు ఇవ్వండి. 2000లో రాజస్థాన్ చట్టం, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చాయి.

2011 ఆగస్టులో ఢిల్లీ రాంలీలా మైదానంలో లోక్‌పాల్ కోసం, అంటే పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల అవినీతిని విచారించే సంస్థ కోసం, అన్నా హజారే చేసిన దీక్షకు వచ్చిన జనం సంగతి చెప్పక్కర్లేదు. లోక్‌పాల్ చట్టానికి 2014 జనవరి 1న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. తొలి లోక్‌పాల్ నియామకం మాత్రం 2019 మార్చిలో! లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేత లేరు కాబట్టి ఎంపిక కమిటీ కుదరదని ప్రభుత్వం అంది. ఐదేళ్లు కుర్చీ ఖాళీగా ఉంటే, దాన్ని నిలదీయడానికి మైదానంలో ఆనాటి జనం మిగల్లేదు. నాకు ఇప్పటికీ కడుపు మండే విషయం ఇది.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. సిమెంటు రోడ్డులో డబ్బు తిన్నారని అనుమానమా? ధర్నాకు ముందే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), చెల్లించిన బిల్లులు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, ఈ ఐదింటి ధృవీకరించిన నకళ్లు పేరు పెట్టి అడగాలి. "పూర్తి వివరాలు ఇవ్వండి" అని రాస్తే తోసిపుచ్చడానికి మీరే సందు ఇచ్చినట్టు. "ఎందుకు చేశారు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదంటారు. తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ గడువులు దాటబెట్టుకోవద్దు.

ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం ఉంటాయి. టేపు పట్టుకుని వెళ్లండి. మందం అంచు దగ్గర కొలిచి నమ్మొద్దు, అక్కడ బాగానే పోస్తారు. మధ్యలో కోర్, అంటే పైనుంచి కిందిదాకా తొలిచిన సిమెంటు ముక్క, తీయమని అడగండి. పనిని తనిఖీ చేసే హక్కు, ధృవీకరించిన నమూనా తీసుకునే హక్కు సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె)లోనే ఉన్నాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంత తక్కువో!

అవినీతి నిరోధక శాఖ ఏసీబీకి ఫిర్యాదు ఇచ్చేశాంలే అని కూర్చోకండి. అవినీతి నిరోధక చట్టంలో 2018లో చేర్చిన 17ఎ సెక్షన్ ప్రకారం, అధికారి విధుల్లో తీసుకున్న నిర్ణయంపై విచారణకు ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. దానికి మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల. లంచం తీసుకుంటూ అక్కడికక్కడే దొరికిన కేసుకు మాత్రం ఇది వర్తించదు.

రికార్డు, కొలతలు చేతికొచ్చాక, అప్పుడు ధర్నా చేయండి. పన్నెండు డిమాండ్ల కరపత్రం వద్దు, దయచేసి. పన్నెండు ఉంటే అధికారి తేలికైన రెండు ఒప్పుకుని ఫొటో దిగి పంపించేస్తాడు. "ఫలానా రోడ్డుకు అదనంగా చెల్లించిన ఇంత మొత్తం ఫలానా తేదీలోపు రికవరీ చేయాలి" అని ఒక్కటే రాయండి. వినతిపత్రం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు అసలు రాలేదనే అంటారు. చెప్పిన తేదీకి అదే జనంతో మళ్లీ అదే గుమ్మం ముందుకు వెళ్లాలి. రికవరీ ఉత్తర్వు చేతికొచ్చినా ఇంటికి పోవద్దు. డబ్బు ఖజానాకు జమైన చలానా నకలు కోసం ఇంకో దరఖాస్తు పెట్టండి.