డూమ్‌లో వేల రాక్షసులున్న స్లాటర్ మ్యాపుల్లో అసలు ఆట ఏముంది? కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. డూమ్ అనే తుపాకీ ఆటలో ఒకే మ్యాపులో, అంటే ఒకే లెవెల్‌లో, వేల రాక్షసుల్ని కుమ్మరిస్తే అందులో ఆట అనేది ఏం మిగులుతుంది అన్నది ఒకటి. మామూలు డూమ్ లెవెల్స్ మాత్రమే ఆడినవాళ్లు అక్కడ ఎలా నిలబడాలి అన్నది రెండోది. చాలా ఏళ్లుగా ఈ మ్యాపులు ఆడుతున్నాను, రెండు చిన్నవి సొంతంగా తయారుచేశాను కూడా. నా అనుభవంలో తేలింది చెబుతాను.

అంకె చూసి బెదిరిపోకండి. ఈ మ్యాపుల్లో అసలు లెక్క జాగాది. ఇప్పుడు ఎక్కడ నిలబడాలి, రెండు సెకన్ల తర్వాత నిలబడటానికి ఎక్కడ చోటు మిగులుతుంది? ఆట మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇది నాకు ఒక గుండ్రటి మైదానంలో అర్థమైంది. నాలుగు స్తంభాలు, దాదాపు 200 మంది రెవనెంట్లు (గుండ్లు వదిలే అస్థిపంజరాలు), వాళ్ల మధ్య ఇద్దరు సైబర్‌డెమన్లు (రాకెట్లు పేల్చే భారీ రాక్షసులు). ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. ప్రతిసారీ ఒక మూలకు చేరి, వీపు గోడకు ఆనించి రాకెట్లు కురిపించేవాణ్ని. పది మంది పడేలోపు ఇరవై మంది మీదికొచ్చేవాళ్లు. ఒకసారి రాకెట్లు అయిపోయాయి. చేయడానికి ఏమీ లేక మైదానం అంచు వెంబడి పరుగెత్తడం మొదలుపెట్టాను. రెవనెంట్లు వదిలే గుండ్లలో పొగ వదులుతూ వచ్చేవి మన వెంట పడతాయి, పొగ లేనివి నేరుగా పోతాయి. వెంటపడ్డ వాటిలో ఒకటి మలుపు తిరుగుతూ పోయి సైబర్‌డెమన్ భుజానికి తగిలింది. అతను ఆగి, నన్ను వదిలేసి, రెవనెంట్ల వైపు తిరిగాడు. మూడు రాకెట్లు వరసగా గుంపు నడిమధ్యలో పేలాయి. రెండో సైబర్‌డెమన్‌కూ అదే జరిగింది. నేను ఒక్క గుండు కాల్చకుండా ఇంకో మూడు నాలుగు చుట్లు తిరిగేసరికి మైదానం సగం ఖాళీ. ఆ రాత్రి టెన్షన్‌కి చేతులు చల్లబడిపోయాయి, కానీ ఆట కళ్లకు కట్టినట్టు అర్థమైంది.

డూమ్‌లో ఒక జాతి రాక్షసుడి గుండు వేరే జాతివాడికి తగిలితే దెబ్బ తిన్నవాడు తిరగబడతాడు. ఒకే జాతివాళ్లు విసిరిన గుండ్లు తమవాళ్లను గాయపరచవు. హెల్ నైట్, బ్యారన్ అనే రెండు రకాల రాక్షసుల్ని కూడా ఆట ఒకే జాతిగా లెక్కేస్తుంది. మంటతో దాడి చేసే ఆర్చ్‌వైల్ అనే రాక్షసుడి సంగతి వేరు, అతని మీద మిగతా రాక్షసులెవరూ తిరగబడరు. మంచి మ్యాపు తయారుచేసేవాళ్లు ఈ నియమాలన్నీ దృష్టిలో పెట్టుకునే గుంపుల్ని పేరుస్తారు. సైబర్‌డెమన్‌కి 4000 ప్రాణం, రెవనెంట్‌కి 300. ఆ సైబర్‌డెమన్ ఆ మూల ఎందుకు ఉన్నాడో ఒక్క క్షణం ఆలోచించండి, చాలాసార్లు అతను మీకోసం పెట్టిన ఆయుధమే.

ఇక బీఎఫ్‌జీ, ఆటలోని అతి శక్తిమంతమైన తుపాకీ. ఒక్కసారి పేలిస్తే దాని మందుగుండు, అంటే సెల్స్, 40 పోతాయి. మందుగుండు ఎక్కువ మోయనిచ్చే బ్యాక్‌ప్యాక్‌తో నిండుగా 600 ఉన్నా 15 సార్లే. ఆకుపచ్చ బంతి తగిలిన చోట జరిగే నష్టం ఒక భాగం మాత్రమే. బంతి పేలిన కాసేపటికి, అర సెకను కూడా పట్టదు, మీరు అప్పుడు నిలబడ్డ చోటు నుంచి 40 కిరణాలు బయల్దేరతాయి. అవి ముందు గురిపెట్టిన దిక్కుకే విసనకర్రలా పరుచుకుంటాయి. అందుకే దూరం నుంచి కొడితే దండగ. గుంపు మీదికి దూకుతూ కొట్టి, కిరణాలు వెళ్లేదాకా అక్కడే ఉండి, వెంటనే వెనక్కి తగ్గాలి. ఈ లయ పట్టుబడటానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఇది రాకుండా పెద్ద మ్యాపులకు వెళ్లొద్దు, నిజంగా చెబుతున్నాను.

నా మొదటి మ్యాపు మాత్రం పూర్తిగా తేలిపోయింది. చదునైన నేల మీద 300 మంది ఇంప్‌లను, అంటే చిన్నరకం రాక్షసుల్ని, నింపాను, చూడటానికి ఘనంగా ఉండేది. ఆడితే గడ్డి కోసినట్టుంది, అంతే. తర్వాత ఇంప్‌లను సగానికి తగ్గించి, ఇద్దరు ఆర్చ్‌వైల్స్‌ని, మధ్యలో ఒకే ఒక్క స్తంభాన్ని పెట్టాను. ఆర్చ్‌వైల్ మంట అంటించాక చూపు తెగేలా దేనివెనకైనా చేరితే బతుకుతాం, లేకపోతే లేదు. పైగా అతను చచ్చిన ఇంప్‌లను తిరిగి లేపుతాడు. ఒక్కసారిగా ఆ స్తంభానికి విలువ వచ్చింది. దాని వెనక్కి పోతే మంట తప్పుతుంది, కానీ ఇంప్‌లు చుట్టుముడతారు. మ్యాపు అప్పుడు బతికింది. రాక్షసుల సంఖ్య తగ్గితే కష్టం పెరిగిందని మీరే ఆడి చూస్తే నమ్ముతారు.

కొంచెం చరిత్ర కూడా. 1994 నాటి డూమ్ 2లో ఇంత గుంపుని చూపించే వీలే లేదు. అసలు ప్రోగ్రాం ఒక ఫ్రేములో 128 బొమ్మల్నే గీయగలదు, ఆపైన ఉన్నవి కనిపించవు. అయినా 1996లో వచ్చిన ఫైనల్ డూమ్‌లోని ప్లుటోనియా అనే మ్యాపుల సెట్‌లో, కసాలీ అన్నదమ్ములు చేసిన 32వ మ్యాపు డూమ్ 2 మొదటి లెవెల్‌నే తీసుకుని సైబర్‌డెమన్లతో నింపేసింది. 1997లో అభిమానులు చేసిన హెల్ రివీల్డ్ అనే మ్యాపుల సెట్ దీన్ని ఒక శైలిగా నిలబెట్టింది. అదే ఏడాది చివర్లో డూమ్ సోర్స్ కోడ్ బయటికొచ్చాక కొత్త ఇంజిన్లు, అంటే ఆటను నడిపే ప్రోగ్రాంలు, ఆ హద్దులన్నీ చెరిపేశాయి. 2001లో వచ్చిన నట్స్ అనే మ్యాపులో 10,000 పైచిలుకు రాక్షసులు. అది కంప్యూటర్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టడానికే పేరుపడింది. ఒకసారి తెరిచి చూడండి, ఆట నేర్చుకోవడానికి మాత్రం వద్దు. తర్వాత వచ్చిన మ్యాపుల సెట్లు సండర్, 2015 నాటి సన్‌లస్ట్ చూస్తే గుంపులతో పాటు కట్టడాలు కూడా ఎంత ఎత్తుకు చేరాయో తెలుస్తుంది. సండర్‌లో కొన్ని చోట్ల తుపాకీ దించి ఊరికే పైకి చూస్తూ నిలబడిపోయాను.

మొదలుపెట్టేది ప్లుటోనియాతో. అది స్లాటర్ కాదు, కానీ రెవనెంట్లకూ ఆర్చ్‌వైల్స్‌కీ కాళ్లు అలవాటుపడేది అక్కడే. తర్వాత హెల్ రివీల్డ్‌లో తొలి లెవెల్స్. డిఫికల్టీ తగ్గించడానికి మొహమాటపడకండి. డూమ్‌లో అయిదు స్థాయిలున్నా రాక్షసుల అమరికలు మూడే రకాలు, కింది రకంలో చాలామంది నిజంగానే గుంపును పల్చన చేసి పెడతారు. ప్రతి పోరాటానికి ముందు సేవ్ చేసుకోండి. డీఎస్‌డీఏ-డూమ్ అనే ఇంజిన్ పెద్ద గుంపుల్ని తేలిగ్గా లాగుతుంది, ఆడిన ఆటను కాస్త వెనక్కి తిప్పుకునే సౌకర్యం కూడా ఉంది.

ఎక్కడైనా పూర్తిగా ఇరుక్కుపోతే ఆ మ్యాపు డెమో వెతికి చూడండి. డెమో అంటే వీడియో కాదు, ఆడినవాళ్ల కదలికలన్నీ సెకనుకు 35 చొప్పున రాసుకున్న చిన్న ఫైలు. దాన్ని మీ ఇంజిన్‌లోనే తిరిగి ఆడించవచ్చు. మొదటిసారి చూసేటప్పుడు తుపాకీని పట్టించుకోకండి. వాళ్లు మొదటి పది సెకన్లలో ఎటు పరుగెత్తారు, ఎవర్ని కాల్చకుండా వదిలేశారు అన్నది మాత్రం కాగితం మీద రాసుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.