ఆ మాట అడిగే పద్ధతి

చిరంజీవి శ్రావణికి బాబాయి ఆశీస్సులు.

అట్లాంటాలో ఫ్యామిలీ మెడిసిన్ క్లినిక్‌లో చేరుతున్నావనీ, అక్కడికొచ్చేది ఎక్కువగా నల్లజాతి వాళ్ళేననీ మీ నాన్న చెప్పాడు. యూరాలజీలోనే తల నెరిసినవాణ్ణి కనక ప్రోస్టేట్ (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ గురించి రాస్తున్నాను. తీరిగ్గా చదువమ్మా.

అమెరికాలో ప్రతి ఎనిమిదిమంది మగవాళ్ళలో ఒకరికి ఎప్పుడో అప్పుడు ఈ జబ్బు బయటపడుతుంది. నల్లజాతి వాళ్ళలో ఆరుగురిలో ఒకరికి. దీంతో పోయేవాళ్ళు తెల్లవాళ్ళకి రెట్టింపు. వైద్యం అందకపోవడం, ఆలస్యంగా అందడం ఇందులో పెద్ద కారణాలు. అందరికీ ఒకే వైద్యం దొరికే వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో ఈ తేడా బాగా తగ్గిపోతుంది. అందుకే ‘ఇది మీ రక్తంలోనే ఉంది’ అన్న మాట నీ నోట రానివ్వకు. అది విన్న మనిషి ఇంక చేసేదేముందని లేచి వెళ్ళిపోతారు.

అలాగని జన్యువుల పాత్ర చిన్నదేం కాదు. 8వ క్రోమోజోమ్‌లో 8క్యూ24 అనే చోట ముప్పు పెంచే మార్పులున్నాయని 2006లోనే తేలింది. వాటిలో ఒకటి దాదాపుగా ఆఫ్రికన్ మూలాలున్నవాళ్ళలోనే కనిపిస్తుంది, వాళ్ళలో పదిమందికి ఒకరిలో ఉంటుంది, ముప్పుని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. ముప్పు పెంచే మార్పులుండే మరో జన్యువు హెచ్‌ఓఎక్స్‌బీ13, దాని సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తెల్లవాళ్ళలో కనిపించే మార్పు జీ84ఈ. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవాళ్ళది ఎక్స్285కె. మొదటిదొక్కటే వెతికే పరీక్ష చేయించి ‘ఏమీ లేదు’ అని చెప్పావనుకో, అది తప్పుడు భరోసా. జన్యువు మొత్తం చదువుతారా అని ల్యాబ్‌ని ముందే అడుగు. ‘అర్థం తేలని మార్పు’ అన్న రిపోర్టులు కూడా నల్లజాతి వాళ్ళకే ఎక్కువ వస్తాయి, పోల్చి చూసే సమాచారమంతా యూరప్ మూలాలవాళ్ళది కాబట్టి. అలాంటి రిపోర్టుని చెడు కబురులా చెప్పకు.

పరీక్షలకంటే ముందు కుటుంబం సంగతి. ‘ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా’ అంటే లేదనే అంటారు. చాలా ఇళ్ళలో మగవాళ్ళు ఈ జబ్బు పేరెత్తరు. అప్పటి అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ అంతటివాడు 2023 డిసెంబరులో ఈ జబ్బుకి ఆపరేషన్ చేయించుకుని అధ్యక్షుడికి కూడా చెప్పలేదు. నువ్వు ఇలా అడుగు: ‘మీ నాన్నగారు ఎలా పోయారు? చివర్లో నడుము నొప్పితో మంచం పట్టారా? మూత్రానికి ఇబ్బంది పడ్డారా?’ అప్పుడు మెల్లగా కథ బయటికొస్తుంది. తల్లివైపు వదలకు. అమ్మమ్మకో పెద్దమ్మకో రొమ్ము, అండాశయ, క్లోమ క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ క్యాన్సర్ల ముప్పునీ, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పునీ పెంచే బీఆర్‌సీఏ2 జన్యు మార్పు గురించి ఆలోచించాలి. అది తల్లి నుంచీ కొడుక్కి వస్తుంది.

పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకు, ఇంటిపేరుకి ముందు మిస్టర్ చేర్చు. అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ళు ఈ నల్లజాతి పెద్దల తాతలకి ఆ మర్యాద దక్కనివ్వలేదు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ ఉన్న నల్లజాతి వాళ్ళకి మందివ్వకుండా గమనిస్తూ కూర్చున్న సంగతి వాళ్ళెవరూ మర్చిపోలేదు. అందుకే రక్తం తీసేముందు అది ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో వాళ్ళు అడక్కుండానే చెప్పు. జన్యు ఫలితం చూసి ఆరోగ్య బీమా నిరాకరించకూడదని 2008 నాటి చట్టం ఉంది, కానీ జీవిత బీమాకి ఆ రక్షణ లేదు. ఇది దాచి పరీక్ష చేయించడం నాకు అన్యాయమనిపిస్తుంది.

పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బుని పసిగట్టే రక్తపరీక్ష) మాట 40, 45 ఏళ్ళ మధ్యే ఎత్తు, 55 దాకా ఆగకు. మూత్రం సరిగా రావడానికి ఫినాస్టరైడ్ అనే మందు వాడుతున్నారేమో చూడు. కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ సగానికి పడిపోతుంది, 3 ఉంటే 6 అని చదువుకోవాలి. మందుల సంచీ తెప్పించి నువ్వే చూడడం మేలు.

ఎవరికైనా బీఆర్‌సీఏ2లో ముప్పు పెంచే మార్పు దొరికితే ఆయన్ని జెనెటిక్ కౌన్సిలర్ (జన్యు ఫలితాల మీద సలహా ఇచ్చే నిపుణులు) దగ్గరికి పంపు. అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ, పిల్లలకీ ఇచ్చేందుకు ఒక పేజీ ఉత్తరం నువ్వే రాసి ఆయన చేతిలో పెట్టు. జన్యువు పేరు, మార్పు పేరు, ల్యాబ్ పేరు అందులో ఉండాలి. వాళ్ళ డాక్టర్లకి కావలసింది అదే.

మీ బాబాయి