సౌధంలో సున్నం

ప్రశ్న: మా అబ్బాయి "నిన్న విధానసౌధంకి వెళ్ళాం" అని రాస్తే తెలుగు టీచరు "విధానసౌధకు" అని దిద్దారు. ఏది సరి? అసలు సౌధం అంటే పెద్ద బిల్డింగ్ అనేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

సమాధానం: రెండో ప్రశ్న ముందు చూద్దామమ్మా. సౌధం అనగానే అందరికీ ఎత్తు గుర్తొస్తుంది. ఆ మాట పుట్టింది తెలుపులోంచి. సుధ అంటే అమృతమని మనకు తెలుసు. సున్నం అనీ అర్థముంది. (జెముడు అనే అర్థంతో ఇప్పుడు పనిలేదు.) సుధ పూసిన ఇల్లు సౌధం.

దీన్ని ఏ నిఘంటువుకన్నా అందంగా చెప్పినవాడు పెద్దన. మనుచరిత్రలో అరుణాస్పదపురం "సౌధసుధాప్రభాధవళితప్రాలేయరుఙ్మండలీహరిణంబై" ఉందన్నాడు. ఆ ఊరి మేడల సున్నపు కాంతి ఆకాశానికి పాకి, చందమామలోని నల్లజింకను కూడా తెల్లగా చేసేసిందట! సౌధ పక్కనే సుధను కూర్చోబెట్టాడు చూడండి. చంద్రుడు సుధాకరుడు కదా, సున్నమన్న చోట అమృతమూ తొంగిచూస్తుంది. ఎన్నేళ్ళుగా చదువుతున్నా ఈ సమాసం దగ్గర ఆగకుండా ముందుకు పోలేను.

మీ విధానసౌధకు, అంటే కర్ణాటక శాసనసభ కొలువుండే ఆ కట్టడానికి, సున్నపు తెలుపు లేదు. అప్పటి మైసూరు ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్యగారి పట్టుదలతో లేచి 1956లో పూర్తయిన గ్రానైటు కట్టడమది. ముందువైపు 40 అడుగుల రాతి స్తంభాలు 12, గుడి గోపురాలను తలపించే చెక్కడాలు, గుమ్మటం మీద నాలుగు సింహాలు. అయినా పేరు తప్పు కాదు. అమరకోశం నాటికే సౌధం "రాజసదనం" అయింది. వ్యుత్పత్తికి మాత్రం చెన్నైలో 1913లో తెరిచిన కార్పొరేషన్ ఆఫీసు, ఆ తెల్లటి రిపన్ బిల్డింగ్, ఇంకా దగ్గర.

రెండు గదుల ఫ్లాటుకు కూడా "మీ కలల సౌధం" అని ప్రకటనలు వేస్తుంటే బాధేస్తుంది. "విధానసౌధ భవనం" అని రాస్తే ఇంకా బాధ. సౌధమే భవనం, మళ్ళీ భవనమెందుకు?

ఇక మీ అబ్బాయి వాక్యం. విధానసౌధ కన్నడిగులు పెట్టుకున్న పేరు. ఊళ్ళ పేర్లలాగే దాన్నీ ఉన్నదున్నట్టు ఉంచడం మర్యాద. హైదరాబాదులో విద్యుత్ సౌధను కూడా జనం అలాగే అంటారు. కాబట్టి "విధానసౌధకు" సరే. అయితే ఇలాంటి తత్సమాలకు తెలుగు నోట్లో "ము" చేరడం సహజం. "విధానసౌధానికి" అన్నా నేను కొట్టేయను, నా చెవికి అదే ఇంపు కూడా. "సౌధంకి" మాత్రం వద్దు. టీచరుగారు దిద్దింది బహుశా దాన్నే.