ప్యాకేజీలో రాయని రోజులు

పాఠకురాలి ఉత్తరం సారాంశం: నాకు 37 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్ కాన్పులే. రెండో కాన్పు తర్వాత పొట్ట జారిపోయింది. నాలుగేళ్లుగా క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నా మార్పు లేదు. అద్దం ఉన్న గదిలో బట్టలు మార్చుకోవడం మానేశాను. జారిన పొట్టను బిగించే టమ్మీ టక్ ఆపరేషన్‌కు ఇక్కడ చెప్పిన ఖర్చులో మూడో వంతుకే విదేశంలో చేయిస్తామని, విమానం, హోటల్, ఆసుపత్రి అన్నీ కలిపి ఏడు రోజుల ప్యాకేజీ అని ఒక ఏజెంటు చెబుతున్నాడు. అదే మత్తులో లైపోసక్షన్ (ఒంట్లోని కొవ్వును గొట్టంతో పీల్చి తీయడం) కూడా చేయించుకుంటే దానికి సగం ధరేనట. ఈ వారంలోగా అడ్వాన్సు కట్టాలంటున్నాడు. మావారికి చెబితే, 'ఇద్దరు పిల్లల తల్లివి, ఈ వయసులో ఇదేం పిచ్చి' అన్నారు. మూడు వారాలుగా మా మధ్య అవసరానికి మించి మాట లేదు. నా పేరున ఉన్న డబ్బుతో, స్నేహితురాలి దగ్గరకు వెళ్తున్నానని చెప్పి వెళ్లి చేయించుకుని వచ్చేయాలనిపిస్తోంది. నేను చేస్తున్నది తప్పా?

అమ్మా, మీరు చివర్లో అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ కోరికలో తప్పేమీ లేదు. గర్భం పెరిగేటప్పుడు కడుపు మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాల పట్టీలు పక్కలకు జరుగుతాయి. చాలామందిలో అవి కాన్పు తర్వాత కొన్ని నెలలకు మళ్లీ దగ్గరవుతాయి, కొందరిలో కావు. చర్మం కూడా ఒక హద్దు దాటి సాగితే ఎంత వ్యాయామం చేసినా వెనక్కి రాదు. నాలుగేళ్లు చెమటోడ్చినా ఫలితం కనిపించలేదంటే అందులో మీ పట్టుదల లోపం ఏమీ లేదని ముందు మీకు మీరు చెప్పుకోండి. టమ్మీ టక్‌లో సర్జన్ ఆ కండరాలను దగ్గరకు లాగి కుట్టి, మిగిలిన చర్మాన్ని కోసి తీసేస్తారు. సాధారణంగా పూర్తి మత్తులో రెండు మొదలుకొని నాలుగైదు గంటల వరకు సాగే పెద్ద ఆపరేషన్ ఇది. ఆ సంగతి తెలిసి కోరుకోవడం మీ హక్కు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి రెండే మాటలు: 'ఏడు రోజులు' అన్నది ఒకటి, 'స్నేహితురాలి దగ్గరకు వెళ్తున్నానని చెప్పి' అన్నది మరొకటి.

ఏడు రోజుల సంగతి చూద్దాం. మొదటి రోజు ప్రయాణం, రెండో రోజు పరీక్షలు, మూడో రోజు ఆపరేషన్ అనుకుంటే, తిరుగు విమానం ఎక్కేనాటికి మీ కుట్లు పడి నాలుగు రోజులే అవుతుంది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్, రొమ్ము ఆపరేషన్, లైపోసక్షన్ అయితే 5 నుంచి 7 రోజులు, ముఖానికో పొట్టకో ఆపరేషన్ అయితే 7 నుంచి 10 రోజులు గడిచేదాకా విమానం ఎక్కవద్దని చెబుతోంది. అదీ అంతా సవ్యంగా ఉన్నవారి సంగతి. పెద్ద ఆపరేషన్ తర్వాత రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఆ స్థితిలో గంటల తరబడి కాళ్లు కదపకుండా కూర్చుంటే పిక్కల లోపలి సిరల్లో గడ్డ ఏర్పడి, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. కాస్మెటిక్ ఆపరేషన్లలో ఈ ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ముందు వరుసలో ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, పొగతాగే అలవాటు ఉన్నా, బరువు ఎక్కువైనా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటి గడ్డలు వచ్చి ఉన్నా ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఏజెంటు వీటిలో ఒక్కటైనా మిమ్మల్ని అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. అడ్వాన్సు గడువు మాత్రం చెప్పాడు.

ఆ నాలుగో రోజు ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడండి. పొత్తికడుపు అడ్డంగా, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్టు ఉంటుంది. అది లాగకుండా ఉండాలంటే నడుము వంచే నడవాలి, మోకాళ్ల కింద దిండు పెట్టుకునే పడుకోవాలి. చాలామందికి చర్మం కింద చేరే నీరు బయటికి రావడానికి సన్నని గొట్టాలు పెడతారు. వాటి చివర కోడిగుడ్డంత మెత్తని బుడ్డి ఉంటుంది. రోజూ దాన్ని ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో ఉందో రాసుకోవాలి. రోజుకు ముప్పై మిల్లీలీటర్ల కంటే తగ్గాక తీయడం సాధారణ పద్ధతి, అందుకు వారం పట్టవచ్చు, రెండు వారాలూ పట్టవచ్చు. అంటే గొట్టాలతోనే మీరు విమానం ఎక్కాలి, లేదా తిరుగు ప్రయాణం తేదీ కోసం వాటిని ముందుగానే తీసేయాలి. ముందుగా తీస్తే లోపల నీరు చేరి సూదితో పదేపదే తీయించుకోవలసి రావచ్చు. బిగుతైన బెల్టు ఆరు వారాల వరకు కట్టుకోవాలి, అన్నాళ్లూ బరువులు ఎత్తకూడదు. మీ చిన్న బిడ్డ కూడా బరువే. ప్యాకేజీ కాగితంలో ఈ రోజులేవీ రాసి ఉండవు, కానీ వాటిని గడపాల్సింది మీరే.

సగం ధరకు లైపోసక్షన్ అన్న మాటకు దయచేసి ఆశపడవద్దు. ఆపరేషన్ ఎంత పొడవైతే రక్తం గడ్డల ముప్పు, మత్తు ముప్పు అంత పెరుగుతాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024 జనవరిలో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2009 నుంచి 2022 వరకు డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ సర్జరీ తర్వాత 93 మంది అమెరికా పౌరులు మరణించారు. వివరాలు పరిశీలించిన మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం రక్తనాళాల్లోకి చేరిన కొవ్వో, రక్తం గడ్డలో. ఒకే విడతలో రెండు మూడు ఆపరేషన్లు కలిపి చేయించుకోవడం వారిలో ఎక్కువగా కనిపించింది. అక్కడికి వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చినవారు చాలామంది ఉన్నారన్నదీ నిజమే. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకె చెప్పలేదు. రెండు ఆపరేషన్లు కలపాలా వద్దా అన్నది మీ ఆరోగ్యం చూసి సర్జన్ తేల్చవలసిన మాట, రాయితీ చూసి ఏజెంటు తేల్చేది కాదు.

మరో సంగతి. విదేశీ ఆపరేషన్లలో కొన్ని చిక్కులు ఇంటికి చేరాకే బయటపడతాయి. 2023లో మెక్సికోలోని మటమొరోస్ పట్టణంలో రెండు క్లినిక్‌లలో వెన్నులో మత్తు ఇచ్చి లైపోసక్షన్ వంటి ఆపరేషన్లు చేసిన తర్వాత, కొందరికి మెదడు పొరలకు ఫంగస్ సోకింది. పలువురు చనిపోయారు. ఆపరేషన్ జరిగిన రోజులకు, వారాలకు తలనొప్పితో మొదలైన ఆ జబ్బుకు, అప్పటికి సరిహద్దు దాటి వచ్చేసినవారిని వెతికి పట్టుకుని పరీక్షలు చేయాల్సి వచ్చింది. క్షయ క్రిములకు బంధువర్గమైన మైకోబ్యాక్టీరియా కొన్ని కూడా ఇలాగే ఆపరేషన్ గాయంలో దాక్కుని, కొన్ని వారాలకో నెలలకో గడ్డగా, చీముగా పైకి తేలతాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు అవి లొంగవు, నెలల తరబడి రెండు మూడు రకాల మందులు వాడాలి. అందుకే ఎక్కడ చేయించుకున్నా, ఏ మత్తు ఇచ్చారో, లోపల ఏం చేశారో రాసిన కాగితం మీ చేతిలో ఉండాలని ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొంతకాలం కిందట నా దగ్గరకు ఒకామె వచ్చారు. మీలాగే ఇంట్లో వేరే కారణం చెప్పి వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నారు. వచ్చిన తొమ్మిదో రోజు కుట్టు ఒక మూల విడింది. ఇద్దరు డాక్టర్లు చూసి, లోపల ఏం చేశారో తెలియకుండా మేం చేయి వేయలేమన్నారు. ఆమె దగ్గరున్న కాగితం ఆమెకు రాని భాషలో ఉంది. మూడో డాక్టరు చూశారు, గాయం మానింది. అయితే ఆమె నా ఎదుట ఏడ్చింది గాయం గురించి కాదు. వదులు బట్టల కింద బెల్టు దాచుకుని తిరుగుతున్న ఆ రోజుల్లో, ఐదేళ్ల పాప పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తుకోమంటే తాను ఒక అడుగు వెనక్కి వేశానని, కారణం చెప్పలేకపోయానని, పాప ఆ రోజంతా తన దగ్గరకు రాలేదని చెప్పి ఏడ్చింది. మీరు రహస్యంగా వెళ్తానన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పాపే. ఆరు వారాలు వంగలేని, ఎత్తలేని మనిషి ఒకే ఇంట్లో ఉంటూ ఆ సంగతి దాచడం సాధ్యం కాదు. దాచాలని చూస్తే, జ్వరం వచ్చినా చెప్పడానికి భయపడుతుంది. అక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది.

ఇప్పుడు ఖర్చు. చెప్పిన మూడో వంతు ధర పక్కన మరికొన్ని రాసుకోండి: మీతో రావలసిన మనిషి ప్రయాణం, బస, గొట్టాలు తీసేదాకా అదనంగా ఉండవలసిన రోజులు, తిరిగొచ్చాక ఇక్కడి డాక్టరు ఫీజు, స్కానింగులు, ఉద్యోగమైతే సెలవు, పిల్లలను చూసుకునే మనిషి. మామూలు ప్రయాణ బీమా, కోరి చేయించుకున్న ఆపరేషన్ వల్ల వచ్చే చిక్కులకు సాధారణంగా వర్తించదు. కుట్టు ఎగుడుదిగుడుగా మానినా, బొడ్డు పక్కకు జరిగినా సరిచేసే ఆపరేషన్ ఉచితమని కొందరు రాసిస్తారు, విమానం టికెట్టు మాత్రం మళ్లీ మీదే. తప్పు జరిగితే ఆ దేశపు కోర్టులో, ఆ దేశపు చట్టం కింద పోరాడాలి. ఇవన్నీ కలిపాక కూడా అక్కడే తక్కువ అని తేలవచ్చు, కాదనను. కానీ ఇప్పుడు మీ దగ్గరున్నది ఏడు రోజుల ధర. సరిపోల్చాల్సింది కనీసం రెండు నెలల ఖర్చుతో.

విదేశమంటేనే వద్దని నేను అనను. థాయిలాండ్, తుర్కియే, దక్షిణ కొరియా వంటి దేశాల్లో చేయి తిరిగిన సర్జన్లు ఉన్నారు. కానీ ఆసుపత్రి గోడమీద అంతర్జాతీయ గుర్తింపు పత్రం ఉన్నంత మాత్రాన మీ సర్జన్ గురించి ఏమీ తెలిసినట్టు కాదు. మాట్లాడే డాక్టరు ఒకరు, మీరు మత్తులోకి వెళ్లాక కోసేవారు ఇంకొకరు కావడం కొన్నిచోట్ల జరిగింది. దక్షిణ కొరియాలో ఇలాంటి దొంగ ఆపరేషన్ల మీద ప్రజల ఆగ్రహం ఎంతదాకా వెళ్లిందంటే, రోగి స్పృహలో లేనప్పుడు చేసే ఆపరేషన్లకు థియేటర్‌లో కెమెరా తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు, అది 2023 సెప్టెంబర్‌లో అమలులోకి వచ్చింది. కాబట్టి సర్జన్ పూర్తి పేరు, ఆ దేశపు వైద్య మండలిలో ప్లాస్టిక్ సర్జన్‌గా నమోదు సంఖ్య, మత్తు డాక్టరు ఎవరు, పరిస్థితి విషమిస్తే ఐసీయూ అదే భవనంలో ఉందా అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకోండి. టికెట్టు కొనకముందే ఆ సర్జన్‌తో వీడియోలో నేరుగా మాట్లాడండి. కాదనే సర్జన్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. 'మీ బరువు స్థిరపడలేదు, ఆరు నెలలు ఆగండి' అనో, 'ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఇప్పుడు వద్దు' అనో చెప్పే మనిషి మీ ఒంటి గురించి ఆలోచిస్తున్నట్టు లెక్క.

మీవారి మాట మిమ్మల్ని గాయపరిచింది. గాయపరచే మాటే అది. దానికి ఆయన మీకు క్షమాపణ బాకీ ఉన్నారు. అయినా ఒక్కటి గమనించండి. మీరు ఆయనతో ఏం చెప్పారు? విదేశం వెళ్తాను, పొట్ట కోయించుకుంటాను, అడ్వాన్సు కట్టాలి అని. అద్దం గది మానేసిన సంగతి చెప్పారా? నాకు రాసిన ఆ ఒక్క వాక్యం ఆయన వినలేదేమో అనిపిస్తోంది. ఆపరేషన్ ఊసెత్తకుండా ఒక సాయంత్రం, పిల్లలు పడుకున్నాక, ఆ నాలుగేళ్ల గురించి మాత్రమే చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు వద్దు, తెలియజేస్తున్నట్టు చెప్పండి. తర్వాత ఇక్కడే ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆయన భయాలు డాక్టరు ఎదుట ప్రశ్నలుగా మారతాయి, మీకూ మీ ఒంటి పరిస్థితి సరిగ్గా తెలుస్తుంది. అన్నీ విన్నాక కూడా ఆయన వద్దంటే, శరీరం మీది, నిర్ణయం మీదే. కానీ అప్పుడు కూడా చెప్పే వెళ్లండి, తోడుగా ఒకరిని తీసుకునే వెళ్లండి.

మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగాలి, నొచ్చుకోకండి. రోజులో ఎంతసేపు ఈ పొట్ట ఆలోచనలోనే ఉంటున్నారు? బట్టలు మార్చుకునేటప్పుడు బాధ కలగడం వేరు. దానివల్ల శుభకార్యాలకు వెళ్లడం, నలుగురిలో కూర్చోవడం మానేసి, గంటల తరబడి అదే తలపోతలో ఉండడం వేరు. రెండోదైతే ముందు మానసిక వైద్యులను కలవండి. అలాంటి బాధ ఆపరేషన్‌తో తీరకపోగా, ఒంట్లో ఇంకో చోటికి మారే అవకాశం ఉంది.

ఈ వారం మీరు చేయాల్సిన పని చిన్నదే. ఏజెంటుకు అడ్వాన్సు పంపకండి. పైన చెప్పిన సర్జన్ వివరాలు, ఆపరేషన్ తర్వాత కనీసం పద్నాలుగు రోజులు అక్కడే ఉండేలా మార్చిన ప్యాకేజీ ధర, లైపోసక్షన్ లేకుండా విడిగా టమ్మీ టక్ ధర, మీకు తెలిసిన భాషలో డిశ్చార్జి సమ్మరీ ఇస్తామన్న హామీ, ఇవన్నీ రాసి పంపమని ఒక సందేశం పెట్టండి. గడువు దాటితే ధర పెరుగుతుందని జవాబు వస్తే ఆ సంభాషణ అక్కడితో ముగించండి. వివరాలన్నీ వస్తే ఆ కాగితాలు పట్టుకుని ఇక్కడి సర్జన్‌ను కలవండి, ఆయన చెప్పినది నాకు మళ్లీ రాయండి.