ల్యాప్‌టాప్ మీద పాలు ఒలికాయి, క్లెయిమ్ కొట్టేశారు: మీ కేసంతా ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో ఉంది

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది కాకినాడ. 2024 మార్చిలో సికింద్రాబాద్‌లో ఒక షోరూంలో 71,500 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను, పిల్లలకి ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పుకోడానికి. కింద పడినా నీళ్లు పడినా కవర్ అవుతుంది మేడం అని చెప్పి ఇంకో 4,999కి రెండేళ్ల యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ కూడా అంటగట్టారు. జూన్ 14న మా బాబు (అప్పటికి మూడేళ్లు) పాలగ్లాసు కీబోర్డు మీద వంపేశాడు. మా అత్తగారు బియ్యం డబ్బాలో పెట్టమంటే పెట్టాం, మర్నాడు ఆన్ చేస్తే కాసేపు పనిచేసి ఆగిపోయింది. 17న సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఏమైనా పడ్డాయా అని అడిగారు, భయమేసి లేదన్నాను, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. తర్వాత మనసొప్పక రెండ్రోజులకి వాళ్ల వాట్సాప్ నంబర్‌కి నిజం చెప్పేశాను. అయినా జూలై 9న మెయిల్ పెట్టారు, తప్పు సమాచారం ఇచ్చారు కాబట్టి ప్లాన్ వర్తించదు, మదర్ బోర్డు మార్చాలంటే 43,000 కట్టమని. అప్పట్నుంచి మెయిల్స్ పెడుతూనే ఉన్నాను, ఈ జనవరిలో "మా నిర్ణయంలో మార్పు లేదు" అని ఆఖరి మెయిల్ వచ్చింది. కౌంటర్‌లో పదిమంది ముందు అబద్ధాలాడతారా అని అవమానించారు, మూడేళ్లుగా రాసుకున్న నోట్సంతా పోయింది, ఇంట్లో రోజూ మాటలు పడుతున్నాను. మా మరిది స్నేహితుడికి రిపేర్ షాపుంది, బోర్డు క్లీన్ చేసి స్టిక్కర్ మార్చి తయారీ లోపం అని లెటర్ ఇస్తానంటున్నాడు. పది లక్షలకి కేసు వేయొచ్చా? ఆ పాత ఫోన్ ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, ఇక్కడ కుదించి వేశాం. అందులో మూడు పేజీలు అవమానం గురించి, ఇంట్లో మాటల గురించి రాశారు. వాటి గురించి నేనేం చెప్పను, ఎందుకంటే వినియోగదారుల కమిషన్ ముందు వాటి మీద మీ కేసు నిలవదు, పడిపోదు. మీ కేసుని తేల్చేది మీరు దారిలో పోతూ రాసినట్టు రాసిన ఒకే ఒక్క వాక్యం, "రెండ్రోజులకి వాళ్ల వాట్సాప్ నంబర్‌కి నిజం చెప్పేశాను" అన్నది. ఆ మెసేజ్ ఉంటే మీకు కేసుంది, లేకపోతే దాదాపు లేనట్టే. మరి ఆ మెసేజ్ ఉన్న ఫోన్ ఎక్కడుందీ అంటే తమ్ముడి దగ్గర అని ఆఖరి లైన్లో రాశారు, రెండేళ్లుగా నలభై మెయిల్స్ పెట్టిన మనిషి ఆ ఒక్క ఫోన్‌ని జాగ్రత్త చేసుకోకపోతే ఎలాగమ్మా?

ఎందుకు అదే ముఖ్యమో చెప్తాను. మీరు పంపిన మెయిల్స్ కాపీలన్నీ చదివాను, ప్రతి దాంట్లో "వారంటీలో ఉంది కాబట్టి ఫ్రీగా చెయ్యాలి" అని రాశారు. అక్కడే దారి తప్పారు. వారంటీ అంటే తయారీలో లోపం ఉంటే కంపెనీ చేసే రిపేరు, పాలు పడటం తయారీ లోపం కాదు, ఆ మాట మీద వాళ్లు కాదంటే ఏ కమిషనూ తప్పు పట్టదు. మీ హక్కు ఉన్నది వారంటీలో కాదు, విడిగా 4,999 కట్టి కొన్న ప్లాన్‌లో. ఆ ప్లాన్ అమ్మిందే ఇలాంటి ప్రమాదాల కోసం. అంటే పాలు పడ్డాయన్న విషయం మీరు దాచుకోవాల్సిన తప్పు కాదు, మీ క్లెయిమ్‌కి పునాదే అది! దాన్ని భయపడి మీరే దాచారు, వాళ్లు ఇప్పుడు ఆ దాచడాన్నే పట్టుకున్నారు, మెయిల్‌లో వాళ్లు చెప్పిన కారణం అదొక్కటే చూడండి, పాలు ప్లాన్‌లోకి రావని ఎక్కడా అనలేదు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టండి. జూన్ 17న జాబ్ షీట్, అంటే సర్వీస్ సెంటర్‌లో మీరు సంతకం పెట్టిన ఆ కాగితం, అందులో లిక్విడ్ దగ్గర "లేదు" అని టిక్కు, కింద మీ సంతకం. జూన్ 19న మీ వాట్సాప్. జూన్ 21న వాళ్ల ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, మిషన్ విప్పి చూస్తే లోపల స్టిక్కర్ ఎర్రగా మారింది, ఛార్జింగ్ భాగం దగ్గర తుప్పు ఉంది అని. తడి తగిలితే రంగు మారే ఆ స్టిక్కర్ చూసి వాళ్లు మిమ్మల్ని పట్టుకోలేదు, వాళ్లు మూత విప్పకముందే మీరే ఒప్పుకున్నారు. ముందు చెప్పిన తప్పు మాటని, దాన్ని నమ్మి ఎదుటివాళ్లు ఏ నిర్ణయం తీసుకోకముందే మీ అంతట మీరు సరిదిద్దుకుంటే దానివల్ల వాళ్లకి జరిగిన నష్టమేంటి, నేనైతే వాదనంతా ఈ ప్రశ్న మీదే నిలబెడతాను. అదే మెసేజ్ 22న పెట్టి ఉంటే, దొరికిపోయాక ఒప్పుకున్నారు అనేవాళ్లు, అప్పుడు నా దగ్గర కూడా జవాబు ఉండేది కాదు.

అందుకే తమ్ముడికి ఇవాళే ఫోన్ చెయ్యండి. ఆ ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొద్దు, రీసెట్ కొట్టొద్దు, వాట్సాప్ తీసేసి మళ్లీ ఎక్కించొద్దు. ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చెయ్యండి, స్క్రీన్‌షాట్లలో తేదీ, టైము, ఎదుటివాళ్ల నంబర్, నీలం టిక్కులు కనబడాలి, ఆ నంబర్ సర్వీస్ సెంటర్‌దే అని చూపడానికి జాబ్ షీట్ మీద ప్రింటైన నంబర్ చాలు. ఆ ఫోన్లో చాట్ పోయి ఉంటే మీ పాత బ్యాకప్‌లో ఉందేమో వెతకండి. 2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్టు పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, దాని 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచెయ్యాలి, అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరిచ్చేది, రెండోది నిపుణుడిచ్చేది, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టు అంత పట్టింపు ఉండదు, నిజమే, కానీ మీ కేసు మొత్తం ఒక్క మెసేజ్ మీద ఉన్నప్పుడు ఆ సర్టిఫికెట్ లేకుండా వెళ్లడం నేను ఒప్పుకోను.

ఇక గడువు. ఇక్కడ మీరు చాలా పెద్ద పొరపాటు నమ్మకంలో ఉన్నారు. జనవరి 2026లో ఆఖరి మెయిల్ వచ్చింది కాబట్టి 2028 దాకా టైముంది కదా అని రాశారు. లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే. మీరు మెయిల్ పెట్టినప్పుడల్లా, వాళ్లు పాత పాటే మళ్లీ రాసినప్పుడల్లా ఆ రెండేళ్లు కొత్తగా మొదలవ్వవు. లాయర్ నోటీసు ఇచ్చినా ఆగవు, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ ఇచ్చినా ఆగవు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ అని మన తెలుగువాళ్ల కేసే ఒకటుంది, 1988లో వాళ్ల పొగాకు నిల్వ కాలిపోయింది, బీమా కంపెనీతో ఉత్తరాలు నడిచాయి, కమిషన్‌కి వెళ్లింది 1997లో. 2009లో సుప్రీంకోర్టు ఏమందంటే గడువు నిప్పంటుకున్న తేదీ నుంచే, ఆ తర్వాత ఉత్తరాలు రాసుకున్నంత మాత్రాన అది పెరగదు అని. అంత పెద్ద క్లెయిమ్ అలా పోయింది.

మీ విషయంలో క్లెయిమ్ కొట్టేసిన జూలై 9, 2024 నుంచి లెక్కపెట్టాలని నేను వాదిస్తాను, అది న్యాయమైన లెక్క కూడా. కానీ అవతలి లాయర్ పైన చెప్పిన తీర్పు చేత్తో పట్టుకుని, పాలు పడిన జూన్ 14 నుంచే లెక్క అంటాడు. ఆ గొడవ మనకెందుకు, రెండిట్లో ముందొచ్చే తేదీనే పట్టుకుందాం. 2026 జూన్ 14 ఆదివారం. కాబట్టి జూన్ 12 శుక్రవారం లోపల మీ ఫిర్యాదు దాఖలవ్వాలి. ఇది రాసేటప్పటికి మే నెల సగం అయిపోయింది, మీ చేతిలో నాలుగు వారాలున్నాయి అంతే. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది, కానీ "మెయిల్స్ పెడుతూ ఉన్నానండీ" అన్నది సరైన కారణం కింద లెక్కకి రాకపోవచ్చు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

మరిది స్నేహితుడి సంగతి. అమ్మా, ఆ పని చస్తే చెయ్యొద్దు, ఆ ల్యాప్‌టాప్ అతని షాపు గడప తొక్కకూడదు. బోర్డు కడిగి స్టిక్కర్ మార్చి తయారీ లోపం అని కాగితం రాయించి కమిషన్‌లో పెడితే దాన్ని తప్పుడు సాక్ష్యం సృష్టించడం అంటారు, భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం, లెటర్ ఇచ్చిన ఆ కుర్రాడికీ చుట్టుకుంటుంది. అదీగాక మీకు ఏ ఉపయోగం? వాళ్లు జూన్ 21న తీసిన ఫోటోలు వాళ్ల దగ్గరున్నాయి, మీ సొంత వాట్సాప్‌లో పాలు పడ్డాయని ఉంది, మీ లెటర్‌లో పడలేదని ఉంటుంది, అప్పుడు మిమ్మల్ని గెలిపించాల్సిన మెసేజే మిమ్మల్ని అబద్ధాలకోరుగా నిరూపిస్తుంది. ఒకసారి భయంతో చెప్పిన అబద్ధానికి రెండేళ్లు తిరిగారు, మళ్లీ ఇంకోటా? ల్యాప్‌టాప్ ఎలా ఉందో అలాగే ఒక కవర్లో పెట్టి సీలు చేసి బీరువాలో దాచండి, అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపించొచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లో ఆ అధికారం ఉంది.

అవతలివాళ్లు ఇంకో మాట కచ్చితంగా ఎత్తుతారు, తడి ఆరకుండా ఆన్ చేసి మీరే పాడు చేసుకున్నారు అని. ఇది మీకు కొంచెం ఇబ్బందే. పాలు పడగానే చెయ్యాల్సింది పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం, ఛార్జర్ పీకేయడం, మూత తెరిచి కీబోర్డు కిందికి వచ్చేలా బోర్లించడం, అలాగే ఆఫ్‌లోనే సర్వీస్‌కి పట్టుకెళ్లడం. బియ్యం లోపలి తడిని లాగదు, పైగా పాలలో ఉండే కొవ్వు, చక్కెర ఎండినా బోర్డుకి అతుక్కునే ఉంటాయి, దానికి కరెంటు తోడైతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. కానీ ఇవన్నీ ఇంట్లో మామూలు మనిషికి తెలుస్తాయా? ఆరిందనుకుని ఒకసారి ఆన్ చేసి చూడటం తెలియనితనం, అంతేగానీ కావాలని చేసిన నిర్లక్ష్యం కాదు. ప్లాన్‌లో ఏదైనా మినహాయింపు ఉందని వాళ్లంటే ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందని రుజువు చెయ్యాల్సిన బరువు వాళ్లదే, అసలు ఆ షరతుల పుస్తకం కొన్న రోజు మీ చేతికిచ్చారా అన్నది కూడా అడగాలి. మీరు పంపిన ఇన్‌వాయిస్‌లో ప్లాన్ పేరు, 4,999 తప్ప ఇంకేం లేదు, షరతులు ఎప్పుడు పంపారో మీ మెయిల్‌లో వెతకండి.

ప్లాన్ సర్టిఫికెట్ కూడా తీసి చూడండి, దాన్లో బీమా కంపెనీ పేరు, పాలసీ నంబర్ ఉందా లేక ఇంకేదో సర్వీస్ సంస్థ పేరుందా అని, మీరు నాకు దాని మొదటి పేజీ మాత్రమే పంపారు. షోరూమ్, ల్యాప్‌టాప్ కంపెనీ, ప్లాన్ ఇచ్చిన సంస్థ, సర్టిఫికెట్‌లో బీమా కంపెనీ ఉంటే అదీ, అందర్నీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకళ్ల మీద ఒకళ్లు తోసుకుంటారు. హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, మీరు నివసించే చోటే వెయ్యొచ్చు అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్‌లో ఉంది, కాబట్టి మీ జిల్లా కమిషన్ చాలు. కొన్న వస్తువు ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఒక్క రూపాయి లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. ట్యూషన్ కోసం కొన్నారు కాబట్టి వ్యాపార అవసరం, మీరు వినియోగదారే కాదు అంటారేమో, సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసం కొంటే వినియోగదారే అని చట్టంలోనే వివరణ ఉంది, ఆ మాట ఫిర్యాదులో ముందే రాయండి.

ఫిర్యాదులో జూన్ 17న "లేదు" అని చెప్పిన సంగతి రెండో పేరాలోనే మీ నోటితో మీరే రాయండి, భయపడి చెప్పాను, 19న సరిదిద్దుకున్నాను అని. అది అవతలివాళ్ల జవాబులో మొదటిసారి బయటపడిందా, మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

పది లక్షల మాట వదిలెయ్యండి. అడిగేది 43,000 రిపేరు ఖర్చు లేదా ప్లాన్ ప్రకారం వచ్చే విలువ, దానికి వడ్డీ, ఇంత తిప్పినందుకు ఒక పాతికవేలు, కేసు ఖర్చులు, అంతవరకే. నోట్సు పోయిందన్న బాధ నాకర్థమైంది గానీ డేటాకి మా బాధ్యత లేదని ఇలాంటి షరతుల్లో దాదాపు ప్రతిచోటా ఉంటుంది, బ్యాకప్ పెట్టుకోకపోవడం మీ తప్పే. అయితే చెడింది మదర్ బోర్డు, నోట్సు ఉండేది స్టోరేజ్‌లో, ఆ డ్రైవ్ బాగానే ఉండొచ్చు, కేసు తేలాక విప్పించి చూసుకోండి, ఇప్పుడు మాత్రం ముట్టుకోవద్దు.

ఈ వారంలో ఫోన్ తెప్పించుకుని చాట్, రెండు వైపులా జాబ్ షీట్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, జూలై 9 మెయిల్, ఇన్‌వాయిస్, ప్లాన్ సర్టిఫికెట్ అన్ని పేజీలూ ఒక ఫైల్లో పెట్టి మళ్లీ రాయండి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీద 21 అని తేదీ స్పష్టంగా కనబడకపోతే, వాళ్లు మిషన్ ఏ రోజు విప్పారో చెప్పమని సర్వీస్ సెంటర్‌కి ఇవాళే ఒక మెయిల్ పెట్టండి, జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మెయిల్ కూడా ఫైల్లో ఉండాలి.