ఆ పచ్చ జంతువు లోపల ఎవరు?

ప్రశ్న: పోయిన ఎండాకాలం అమెరికాలో మా కొడుకు దగ్గరికి వెళ్తే ఫిలడెల్ఫియాలో బేస్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. ఆట నాకు ముక్క అర్థం కాలేదు. కానీ గొట్టంలాంటి మూతి, ఇంత బొజ్జ ఉన్న ఒక ఆకుపచ్చ జంతువు చిన్న బండేసుకొని మైదానంలోకి వచ్చి, ఎదుటి టీమ్ వాళ్లను వెక్కిరిస్తుంటే కడుపు నొప్పొచ్చేలా నవ్వాను. అది గాలాపగోస్ దీవుల నుంచి వచ్చిందని మా ఏడేళ్ల మనవడి నమ్మకం. "లోపల మనిషి ఉంటాడురా" అంటే అలిగి అన్నం మానేశాడు. ఇంతకీ ఎవరా మనిషి? మన హనుమకొండ చౌరస్తాలో షాపుల ముందు నిలబడే ఎలుగుబంటి వేషగాళ్లలాంటి వాడేనా?
– ఒక రిటైర్డ్ టీచర్, కాజీపేట

జవాబు: టీచరమ్మా, ముందు మీ మనవడి తరఫున ఒక మాట. గాలాపగోస్ సంగతి వాడు కల్పించింది కాదు, ఆ టీమ్ చెప్పే కథే అది. జంతువు పేరు ఫిలీ ఫనాటిక్. ఫిలడెల్ఫియా ఫిలీస్ వాళ్లు 1978 ఏప్రిల్ 25న దాన్ని మొదటిసారి మైదానంలోకి దింపారు. అప్పుడు లోపల ఉన్నది డేవ్ రేమండ్ అనే కాలేజీ కుర్రాడు, టీమ్ ఆఫీసులో ఇంటర్న్. 1993 దాకా వేషం అతనిదే. ఆ తర్వాత చాలా ఏళ్లు టామ్ బర్గోయిన్ వేశాడు. మనుషులు మారారు కానీ జంతువు మారలేదు. అది నోరు విప్పి మాట్లాడదు కాబట్టి జనానికి తేడా తెలియదు.

వెక్కిరింతలు మరీ శ్రుతి మించిన రోజులూ ఉన్నాయి. 1988లో ఒక మ్యాచ్‌లో లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా ఉండబట్టలేక మైదానంలోకి వచ్చి దాన్ని కొట్టాడు. తన జెర్సీ తొడిగిన బొమ్మను అది ఆటపట్టిస్తుంటే ఎంతసేపని ఊరుకుంటాడు?

ఇక ఎలుగుబంటి గురించి. నేనే ఒకప్పుడు ఎలుగుబంటిని టీచరమ్మా. డిగ్రీ చదివేటప్పుడు, మే నెలలో, చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణం ఓపెనింగ్‌కు మూడు రోజులు ఆ వేషం కట్టాను. రోజుకు 120 రూపాయలు. తలకాయ స్పాంజిది. మూతి దగ్గర నల్లజాలీ, చూపంతా అందులోంచే. కాళ్ల కింద ఏముందో కనపడక మొదటి రోజే పూలకుండీ మీద పడ్డాను. దాని ధర కూలీలో కోశారు. నాకంటే ముందు వేసుకున్నవాడి చెమట వాసన తల లోపల ఇంకా అట్లాగే ఉంది. మాట్లాడొద్దు, తల తీయొద్దు అని ఆర్డర్. రెండో రోజు మధ్యాహ్నం ఒక చిన్నపిల్ల వచ్చి "ఎలుగుబంటి మామా, దూపైతుందా?" అని నీళ్లసీసా చాపింది. అవుతుందని చెప్పలేను, తాగలేను. తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల వినలేదు. వాళ్ల నాన్న భుజమెక్కి సీసా మూత తీసి జాలీలోంచి పోసింది. సగం ముక్కులోకి పోయింది, సగం గొంతులో పడింది.

మీరు అడగలేదు కానీ, ఫనాటిక్ కథలో నాకు గమ్మత్తుగా అనిపించేది డబ్బు సంగతి. వేషం తయారు చేసింది బోనీ ఎరిక్సన్, వేడ్ హారిసన్ జంట. టీమ్ పెద్దల్లో ఒకరైన బిల్ గైల్స్‌కు వాళ్లు రెండు రేట్లు చెప్పారు: ఉత్త వేషమైతే 3,900 డాలర్లు, కాపీరైట్‌తో కలిపి 5,200. ఆయన 3,900 ఇచ్చి, 1,300 మిగిలాయనుకున్నాడు. తీరా జంతువుకు అంత పేరొచ్చాక, 1984లో అదే హక్కు కొనడానికి రెండు లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. అక్కడితోనూ తెగలేదు. హక్కు అమ్ముకున్నవాళ్లు 35 ఏళ్ల తర్వాత వెనక్కి అడగొచ్చని అమెరికా చట్టంలో ఒక మెలిక ఉంది. వాళ్లు అడిగారు. 2019లో టీమ్ వాళ్లే కోర్టుకెక్కారు. 2020లో టీమ్ వాళ్లు కళ్ల చుట్టూ నక్షత్రాలు, చేతుల కింద పొలుసులు పెట్టి, ఇది కొత్త జంతువన్నారు. 2021లో రాజీ కుదిరాక పాత రూపం తిరిగొచ్చింది. మన దగ్గర చిందు యక్షగానం ఆడే కుటుంబాలకు ఏ ఊరు ఎవరి మిరాశీయో, అంటే ఎవరి వంశ హక్కో, ముందే తేలి ఉండేది, ఒకరి ఊళ్లో ఇంకొకరు గజ్జె కట్టేవారు కాదు. గైల్స్‌కు అట్లా ముందే తేల్చిపెట్టే పెద్దమనిషి ఎవరూ దొరికినట్టు లేదు.

మనవడికి లోపలి మనిషి సంగతి ఇంకో రెండేళ్లు చెప్పకండి. వాడు ఈసారి కాజీపేట వచ్చినప్పుడు చౌరస్తాలో ఎలుగుబంటి కనిపిస్తే, చేతికి ఒక నీళ్లసీసా ఇచ్చి పంపండి. అది తల అడ్డంగా ఊపుతుంది. అయినా పోయమనండి, కాకపోతే మెల్లగా.