డబ్బా టీవీకి పీఎస్4 తగిలించే ముందు

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4, టీవీకి పెట్టి గేమ్‌లు ఆడే పెట్టె) కొన్నావట, హాల్లో ఉన్న 21 అంగుళాల డబ్బా టీవీకే పెట్టుకుంటానంటున్నావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కొత్త టీవీ కొనేదాకా ఆగమని అందరూ అంటారు, నేననను. ఆడుకోవచ్చు. కాకపోతే అన్ని గేమ్‌లూ కుదరవు.

ముందు వైరు సంగతి. పీఎస్4 బొమ్మ హెచ్‌డీఎంఐ నుంచే, అంటే కొత్త టీవీలకుండే డిజిటల్ సాకెట్ నుంచే వస్తుంది. మన టీవీకి ఉన్నవి రంగుల ఏవీ పిన్నులు పెట్టే సాకెట్లు. ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరు చవగ్గా ఇస్తామంటారు. తీసుకోకు. డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్ లేకుండా బొమ్మ రాదు. నీకు కావాల్సింది కరెంటు తీసుకునే చిన్న కన్వర్టర్ డబ్బా. దాని మీద 'హెచ్‌డీఎంఐ టు ఏవీ' అని ఉండాలి. అచ్చం అలాగే ఉండి, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చేది కూడా అమ్ముతారు, చదివి మరీ కొను.

సినిమాలూ అవీ కాపీ కొట్టకుండా పీఎస్4 సిగ్నల్‌కి హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉంటుంది. కొన్ని కన్వర్టర్లకు అది పడదు, బొమ్మ రాదు. అందుకని ముందే నీ ఫ్రెండ్ ఇంట్లో హెచ్‌డీఎంఐ టీవీకి పెట్టి, సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద హెచ్‌డీసీపీ ఆఫ్ చేసుకో. గేమ్‌లకు ఏం కాదు, సినిమా యాప్‌లే ఆగిపోతాయి.

కన్వర్టర్‌కి పాల్ (PAL), ఎన్‌టీఎస్‌సీ (NTSC) అని చిన్న స్విచ్ ఉంటుంది, అవి టీవీ సిగ్నల్ పద్ధతులు రెండు. మన దేశపు పద్ధతి పాలే అయినా ముందు ఎన్‌టీఎస్‌సీలో పెట్టి చూడు. పీఎస్4 సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతుంది, ఎన్‌టీఎస్‌సీ కూడా 60 మీదే, పాల్ 50 మీద నడుస్తుంది. ఆ తేడాకి పాల్‌లో కదలిక కాస్త ఎగురుతున్నట్టు ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీలో బొమ్మ నలుపు తెలుపైనా, పైకీ కిందకీ దొర్లినా టీవీ దాన్ని పట్టుకోలేదన్నమాట, పాల్‌కి మార్చెయ్.

మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే కంగారు పడకు. వెడల్పాటి బొమ్మని మన టీవీ చతురస్రంలోకి నొక్కేస్తోంది. టీవీ మెనూలో 16:9 (వెడల్పు బొమ్మ కొలత) ఉంటే పెట్టు, పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి మనుషులు సరిగ్గా ఉంటారు. అంచులు తెగిపోతే పీఎస్4లో డిస్‌ప్లే ఏరియా సెట్టింగ్స్‌కి వెళ్లి లోపలికి జరుపు.

ఇక అసలు ఇబ్బంది అక్షరాలతో. 1080 గీతల బొమ్మ 480 గీతల్లో ఇరుక్కుంటుంది. ఫైటింగ్, కార్ రేసులు దివ్యంగా ఆడొచ్చు. అక్కడ చదివేదేముంది, ఎవరికెంత బలం మిగిలిందో చూపే రెండు పట్టీలు, ఒక స్పీడు అంకె. క్రికెట్ పర్వాలేదు, స్కోరే అలుక్కుపోతుంది. కథ నడిచే పెద్ద గేమ్‌లు మాత్రం ఈ టీవీ మీద మొదలుపెట్టకు. ఎటు వెళ్లాలో, బ్యాగులో ఏముందో చదవడానికే ప్రాణం పోతుంది. ఎప్పుడో ఒక ముక్క చదవాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద జూమ్ ఆన్ చేసి, పీఎస్ బటన్, చతురస్రం బటన్ కలిపి నొక్కితే పెద్దదవుతుంది.

టీవీకి ఒకటే సౌండ్ సాకెట్ ఉంటే తెల్ల పిన్నొక్కటే పెట్టి ఊరుకోకు, కుడివైపు శబ్దాలు పోతాయి. రెంటిని ఒకటిగా కలిపే వై పిన్ను దొరుకుతుంది.

ఏదైనా తేడా వస్తే టీవీ వెనక మూత మాత్రం తీయకు. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టుల చార్జ్ నిలిచి ఉంటుంది. మూలల్లో రంగు మచ్చలు కనిపిస్తే పక్కనున్న పెద్ద స్పీకర్లు దూరం జరుపు, వాటి అయస్కాంతమే కారణం అయ్యుంటుంది. అప్పటికీ పోకపోతే ఫోన్ చెయ్, దసరాకి వచ్చినప్పుడు నేను చూస్తాను.

మీ పెదనాన్న